అరవై మూడో రోజు

పోయినవారం లాయరమ్మను కళ్ళద్దాల షాపు పక్క మెట్ల మీద వదిలాం. చేతిలో న్యాయవాదుల కౌన్సిల్ పంపిన నోటీసు, మొహం జేవురించి, రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కుతోంది. నోటీసులో ఉన్నది నాలుగు లైన్లు. ఇంటర్నెట్ రాతలతో సొంత ప్రచారం చేసుకుంటున్నారనీ, వృత్తి ధర్మం తప్పారనీ మీ మీద ఫిర్యాదు అందింది, పదిహేను రోజుల్లో జవాబివ్వండి అని. ఫిర్యాదు చేసిందెవరో అందులో లేదు. ఉండక్కర్లేదనుకుంది ఆమె. 'సొంత ప్రచారం' అన్న మాట ఈ రెండు నెలల్లో ఆమె కనీసం పదిసార్లు విన్నది, అదీ ఒకే నోటి నుంచి. పదకొండేళ్ళుగా ఎవరి దగ్గర జూనియరుగా పనిచేస్తోందో ఆ పెద్ద ప్లీడరు నోటి నుంచి.

ఆయన గది తలుపు తోసిన తోపుకి గోడకు కొట్టుకుని మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఇది మీరేగా రాయించింది?" అంటూ నోటీసు ఆయన ముందున్న ఫైళ్ళ మీద పడేసింది.

పెద్ద ప్లీడరు తల ఎత్తలేదు. పెన్సిలుతో ఏదో కాగితం అంచున గీత గీస్తూ, "తలుపు వేసి రా," అన్నాడు.

"వెయ్యను. బయట బెంచీ మీద ముగ్గురు క్లయింట్లున్నారు. వాళ్ళూ విననీండి. జూనియర్ పేరు తెచ్చుకుంటే సీనియర్ ఏం చేస్తాడో వాళ్ళకీ తెలియాలి."

మూల బల్ల దగ్గర స్టాంపు కాగితాలు సర్దుకుంటున్న గుమాస్తా లేచాడు. అరవై దాటిన మనిషి. ఆ ఆఫీసులో పెద్ద ప్లీడరు కుర్చీ ఎంత పాతదో ఆయనా అంత పాత. బయటికి తొంగిచూసి, క్లయింట్లను గంట తర్వాత రమ్మని పంపేసి, తలుపు వేసి, మళ్ళీ తన స్టూలు మీదికి వచ్చి కూర్చున్నాడు. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు.

ఈ గొడవకు మూలం ఏమిటో కొత్తగా చదువుతున్నవాళ్ళకి చెప్పాలి. నాలుగేళ్ళ కిందట లాయరమ్మ ఒక బ్లాగు మొదలుపెట్టింది. పేరు 'చదివాకే సంతకం'. శనివారం పొద్దున రెండు గంటలు, వంటింటి బల్ల మీద, వారానికి ఒక్క ప్రశ్న. కోర్టు క్యాంటీన్లోనో వరండాలోనో నిజంగా ఎవరో ఒకరు అడిగిన ప్రశ్నే ఎత్తుకునేది. అద్దె ఇల్లు ఉన్నపళంగా ఖాళీ చెయ్యమంటే ఏం చెయ్యాలి? రేపట్నుంచి పనిలోకి రావద్దని నోటిమాటగా చెబితే అది చెల్లుతుందా? కాగితంలో పేరు తప్పు పడితే ఎవరిని అడగాలి? సెక్షన్ల వరసలు ఉండవు. నడుస్తున్న కేసుల ఊసు ఉండదు. అడుగున ఫోన్ నంబరు ఉండదు. ఎక్కడైనా తప్పు రాస్తే మర్నాడే ఆ వ్యాసం నెత్తిన 'నేను పొరబడ్డాను' అని పెట్టేది. మొదట్లో చదివేవాళ్ళు పదిమంది, అందులో నలుగురు చుట్టాలు. తర్వాత వందలు, తర్వాత వేలు. ఒక పత్రిక ఆదివారం పేజీలో వేయడం మొదలుపెట్టింది. ఒక జడ్జిగారు నిండు కోర్టులో, "మొన్నటి మీ వ్యాసం మా ఆవిడ నాకు చదివి వినిపించిందండీ," అన్నారు. ఆఫీసు బెంచీ మీదికి వచ్చేవాళ్ళు పెద్ద ప్లీడరు గురించి కాకుండా, "ఆ రాసే లాయరమ్మ ఉన్నారా?" అని అడగసాగారు. నిప్పు రాజుకున్నది అక్కడ.

"పేరు," అన్నాడు పెద్ద ప్లీడరు. ఇప్పుడు తల ఎత్తాడు. "పేరంటే ఏమిటో తెలుసా నీకు? ముప్పై ఆరేళ్ళు నల్లకోటులో చెమటలు కక్కుతూ నిలబడితే వచ్చింది నా పేరు. ఓడిపోయిన కేసుల్లో కూడా జడ్జీలు నా వాదన రాసుకున్నారు. నువ్వు వంటింట్లో కూర్చుని నాలుగు మాటలు టైపు కొట్టావు. నేను నిలబడి సంపాదించింది నువ్వు కూర్చుని సంపాదించావు. దాన్ని నేను పేరంటే నాకే సిగ్గు."

"కూర్చుని రాసినవి రెండువందల పన్నెండు వ్యాసాలు సార్. ఒక్కోదానికి ముందు వారమంతా చదువుకున్నాను. మీ కేసుల నోట్సులు రాసింది కూడా ఈ చేతులే. మీరు నిలబడి చదివింది నేను కూర్చుని రాసిందే."

గుమాస్తా చేతిలో కాగితాలు ఆగిపోయాయి. ఆ గదిలో ఆ మాట అలా అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

పెద్ద ప్లీడరు మెడ నరాలు ఉబ్బాయి. "నోరు అదుపులో పెట్టుకో!"

"పెట్టుకునే ఉన్నాను ఇన్నాళ్ళూ. పెట్టుకున్నందుకు ఏం మిగిలింది? కౌన్సిల్ నోటీసు. ఎదురుగా పిలిచి మానెయ్యమని చెప్పలేక, చాటుగా అర్జీ పెట్టించారు. ఇంత చిన్నమనిషి అనుకోలేదు మిమ్మల్ని."

పెద్ద ప్లీడరు లేచి నిలబడ్డాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. బల్ల సొరుగు లాగి, ఒక లావుపాటి కవరు తీసి, ఆమె వైపు తోశాడు. కవరు మీద ఆమె పేరే ఉంది. అప్పటికే చింపి ఉంది.

"నా కవరు మీరు చింపారా?"

"ఆఫీసు అడ్రసుకి వచ్చింది, చింపాను. పైనున్న నోటీసు ఒక్కటీ కోర్టులో నీ బల్ల మీద పెట్టించాను. మిగతాది చదివి, ఆ తర్వాత నన్ను చిన్నమనిషి అను."

ఆమె కాగితాలు బయటికి లాగింది. టైపు చేసిన అర్జీ కాదు. గీతల కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు, ఎడమచేత్తో రాసినట్టు వెనక్కి వాలిపోతూ ఉన్నాయి. ఆ చేతిరాత ఎవరిదో ఆమె పోల్చుకోలేదు. మొదటి లైను చదవగానే తెలిసింది.

'అయ్యా, నేను ప్రెస్ మిషన్ మీద పనిచేసిన మేస్త్రిని. నా కుడిచేతి మూడు వేళ్ళు మిషన్లో పోయాయి. ఫ్యాక్టరీ మీద కేసు వేసి కింది కోర్టులో ఓడిపోయాను. పై కోర్టుకి వెళ్దామన్నారు. ఈ లాయరమ్మే నా చేత సంతకాలు పెట్టించింది. నేను ఆవిడని చెల్లెమ్మా అని పిలిచేవాణ్ణి. తర్వాత కొట్టేశారని చెప్పారు. ఎందుకు కొట్టేశారో చెప్పలేదు. ఆవిడ బ్లాగులో రాసిన మొట్టమొదటి వ్యాసం, తీర్పు వచ్చిన రోజు నుంచి రోజులు లెక్కపెట్టుకోండి అని. లోకానికంతటికీ రోజులు లెక్కపెట్టమని చెప్పింది. నా రోజులు అయిపోయాయని నాకు మాత్రం చెప్పలేదు. ఆ వ్యాసంతోనే ఆవిడకి పేరు వచ్చిందట. ఆ పేరులో నా వేళ్ళు లేవా అని అడుగుతున్నాను.'

లాయరమ్మ చదవడం ఆపింది. ఇందాకటి కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. పోలేదు, దారి మళ్ళింది. ఇంతసేపూ ఎదుటి మనిషి మీద ఎగసిపడ్డ మంట ఒక్కసారిగా తన మీదికే తిరిగింది.

నాలుగేళ్ళ కిందట జరిగింది ఇది. మేస్త్రి అప్పీలు అరవై రోజుల్లో దాఖలు చెయ్యాలి. ఫైలు కోర్టుకి వెళ్ళింది అరవై మూడో రోజున. ఏం జరిగిందని ఆమె అడిగితే పెద్ద ప్లీడరు, "గుమాస్తా తేదీ తప్పు రాశాడు, ముసలాడైపోయాడు," అన్నాడు. ఆలస్యాన్ని మన్నించమని ఒక ప్రమాణపత్రం తయారుచెయ్యమన్నాడు. అందులో కారణం, మేస్త్రికి ఒంట్లో బాగాలేక సమయానికి రాలేకపోయాడని. ఆమే రాసింది. మేస్త్రి చదవలేదు. "నువ్వు రాసింది నేను చదివేదేముంది చెల్లెమ్మా," అని నవ్వుతూ ఎడమచేత్తో సంతకం పెట్టాడు. డాక్టరు సర్టిఫికెట్ ఏదని జడ్జి అడిగాడు. లేదు. కొట్టేశాడు. రెండు నెలల తర్వాత ఆమె బ్లాగు మొదలుపెట్టింది. ఆ పేరు ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే, వినసొంపుగా ఉందని చెప్పేది.

"ఇంకా ఉంది," అన్నాడు పెద్ద ప్లీడరు. "వెనక పేజీ తిప్పు."

తిప్పింది. ఒక టైపు కాగితానికి జిరాక్స్. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, రెండు నల్లటి గీతలు. నాలుగు ముక్కలుగా చింపిన కాగితాన్ని అతికించి తీసిన జిరాక్స్ అది. శీర్షిక, 'నేను చెప్పని మాట.' ఆ కాగితం ఆమెదే. బ్లాగులో పెట్టే మొదటి వ్యాసం అదే కావాలని ఈ ఆఫీసు కంప్యూటర్లోనే రాసింది. మేస్త్రి పేరుతో సహా, మూడు రోజుల ఆలస్యంతో సహా, అబద్ధపు ప్రమాణపత్రంతో సహా అంతా రాసి, ప్రింటు తీసి రెండుసార్లు చదువుకుని, ధైర్యం చాలక, చింపి బల్ల కింద బుట్టలో పడేసింది. ఆ సాయంత్రమే కూర్చుని, ఎవరి పేరూ లేకుండా, ఎవరికీ నొప్పి తగలకుండా, రోజులు లెక్కపెట్టుకోండి అని ఇంకో వ్యాసం రాసింది. జనం మెచ్చుకున్నది ఆ రెండోదాన్ని.

సెక్షను నంబరు తప్పు పడితే మర్నాడే దిద్దుకున్న మనిషి. దీన్ని నాలుగేళ్ళు దిద్దుకోలేదు.

"ఇది బయటికెలా పోయింది?" అడిగింది.

"నన్నడుగుతావేం? నీ చెత్తబుట్ట సంగతి నాకేం తెలుసు?" పెద్ద ప్లీడరు కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన గొంతు మెత్తబడింది, బేరానికి దిగిన మనిషి గొంతులా. "అమ్మాయ్, జరిగిందేదో జరిగింది. కౌన్సిల్లో నా మాట ఇంకా చెల్లుతుంది. నీ తరఫున నేనే నిలబడతాను. జవాబు కూడా రాసిపెట్టాను. సంతకం చెయ్యి, పదిహేను రోజుల్లో గాలికి ఎగిరిపోతుంది."

రెండు పేజీల కాగితం ఆమె ముందు పెట్టాడు, పక్కనే పెన్ను పెట్టాడు. మూత కూడా తీసే పెట్టాడు.

ఆమె కాగితం అందుకుని నిలబడే చదివింది. ఆ టైపు పేజీ కేవలం కల్పన అనీ, బ్లాగు రాయడం సాధన చేసే రోజుల్లో ఊహించి రాసిందనీ, ఏ కేసుతోనూ దానికి సంబంధం లేదనీ ఉంది. ఫిర్యాదుదారు తన అనారోగ్యం గురించి తానే ఆఫీసుకు చెప్పాడనీ, కేసు ఓడిన అక్కసుతో ఇప్పుడు బురద చల్లుతున్నాడనీ ఉంది. చివర, ఇకపై ఆ బ్లాగు నడపనని తనంతట తాను నిర్ణయించుకున్నట్టు ఉంది.

"మేస్త్రిని అబద్ధాలకోరుని చేస్తున్నారు," అంది.

"వాణ్ణి ఎవరూ ఏమీ చెయ్యడం లేదు. వాడు ఓడిపోయాడు. ఓడినవాడు ఏడుస్తాడు."

"వేళ్ళు పోయినవాడు ఏడుస్తాడు. ఓడించింది మనం. ఒంట్లో బాగాలేదని అతను ఎప్పుడూ చెప్పలేదు. మీరు చెప్పారు, నేను రాశాను. ఒకసారి అతని నోట అబద్ధం పెట్టి సంతకం తీసుకున్నాం. ఇప్పుడు ఆ అబద్ధం అతనే ఆడాడని నా చేత సంతకం పెట్టిస్తారా? మీకు నోరెలా వచ్చింది సార్?"

"నీకు చెయ్యెలా వచ్చింది అప్పుడు?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. పెద్ద ప్లీడరు దాన్ని గమనించి, ముందుకు వంగాడు.

"విను. నువ్వు రాసిన ఆ బ్లాగు చదివేవాళ్ళు నిన్నేమనుకుంటున్నారు? దేవత అనుకుంటున్నారు. ఈ పేజీ బయటపడిన మర్నాడు ఏమంటారో తెలుసా? నేను ముసలివాణ్ణి, నాకు పోయేది నాలుగేళ్ళ ప్రాక్టీసు. నీకు ముందున్నది ముప్పై ఏళ్ళు. నాలుగేళ్ళు కూడబెట్టిన పేరు ఒక్క పూటలో బూడిద చేసుకుంటానంటే నీ ఇష్టం."

లాయరమ్మ ఆయన వైపు తేరిపార చూసింది. గుమాస్తా తేదీ తప్పు రాయడమే నిజమైతే, అది పొరబాటు. పొరబాటుకి కౌన్సిల్ మహా అయితే మందలిస్తుంది. దానికోసం ఈయన కవరు చింపి దాచడం ఎందుకు? జవాబు తయారుచెయ్యడం ఎందుకు? పెన్ను మూత తీసి పెట్టడం ఎందుకు? ఈ ఆలోచన ఎటు పోతుందో ఆమెకు అందలేదు. చేతిలో కాగితం మాత్రం చాలా బరువనిపించింది.

"బ్లాగు నా పేరు కోసమే రాశానంటే కాదనను," అంది నెమ్మదిగా. "ఎవరో ఒకరు లాయరమ్మ మంచిది అంటే నాకు బాగుండేది. వారం వారం మంచిదాన్ని అనిపించుకుంటే ఆ ఒక్కరోజు మాసిపోతుందనుకున్నాను. మాసిపోలేదు. ఈ సంతకం నేను పెట్టను. కౌన్సిల్ జవాబు నేనే రాసుకుంటాను. అందులో ఆ పేజీ నాదేనని ఉంటుంది. ప్రమాణపత్రం రాసింది నేనేననీ ఉంటుంది. రాయమన్నదెవరో కూడా ఉంటుంది."

"అయితే ఈ గదిలోంచి బయటికి నడు!" ఈసారి పెద్ద ప్లీడరు గొంతు గోడలకు తగిలింది. బల్ల మీద చెయ్యి చరిచేసరికి పెన్ను దొర్లి కింద పడింది. "ఈ క్షణమే! నీ పుస్తకాలూ, నీ బోర్డూ, ఏదీ ఇక్కడ ఉండకూడదు. అన్నం పెట్టిన చెయ్యి కరిచావు. ఏ కోర్టులో నీకు బల్ల దొరుకుతుందో నేనూ చూస్తాను!"

"అన్నం మీరు పెట్టలేదు. పని చేసి తిన్నాను," అంది ఆమె. కవరు చంకలో పెట్టుకుని, తలుపు తీసుకుని వచ్చేసింది. తన బల్ల దగ్గర ఆగలేదు. గోడ మీది బోర్డు వంక చూడలేదు. మెట్ల మలుపు దాకా దిగింది. గోడకు చేరగిలబడింది.

వెనక చెప్పుల చప్పుడు. గుమాస్తా. ఆయన చేతిలో గొడుగూ, టిఫిను డబ్బా. ఇంటికి వెళ్ళే వేళ కాలేదు ఇంకా.

"మీరెందుకు బాబాయ్ వచ్చేశారు? లోపలికి వెళ్ళండి. ఆయన మీ మీద కూడా విరుచుకుపడతారు."

"పడనీ," అన్నాడు గుమాస్తా. ఆమె కంటే రెండు మెట్లు పైనే ఆగాడు. "చెత్తబుట్ట సంగతి అడిగావు కదమ్మా. ఆ బుట్ట రోజూ ఖాళీ చేసేది నేను. ఆ ముక్కలు అతికించింది నేను. మేస్త్రికిచ్చింది కూడా నేనే."

ఆమె చంకలోని కవరు తీసి చూసుకుంది.

"నాలుగేళ్ళు దాచుకున్నాను. ఇవ్వాలనుకోలేదు. పోయిన నెలలో మేస్త్రి వచ్చాడు, ఆదివారం పేపరు మడిచి జేబులో పెట్టుకుని. 'ఇది చూశారా, మా చెల్లెమ్మ రాసింది' అని బెంచీ మీద ఉన్నవాళ్ళందరికీ చూపించాడు. నీ పాత వ్యాసమే మళ్ళీ వేశారు, రోజులు లెక్కపెట్టుకోమని. అందరికీ చూపించాక నా దగ్గరికొచ్చి, 'మరి నా కేసులో ఎన్ని రోజులైంది గుమాస్తా గారూ?' అని అడిగాడు. ఏం చెప్పమంటావు? మర్నాడు ఆ కాగితం పట్టుకెళ్ళి వాళ్ళింట్లో ఇచ్చొచ్చాను."

"నాతో ఒక్కమాట చెప్పుంటే..."

"చెప్పడమా?" గుమాస్తా గొంతు ఒక్కసారిగా లేచింది. పదకొండేళ్ళలో ఆయన గొంతు పెంచడం ఆమె వినలేదు. "నీతో ఎలా చెప్పను? ఆ కాగితంలో నువ్వు ఏం రాశావో గుర్తుందా? 'గుమాస్తా తేదీ తప్పు రాయడం వల్ల' అని రాశావు. ఆయన చెప్పాడు, నువ్వు నమ్మావు. పక్క బల్ల మీదే కూర్చునేవాణ్ణి. బాబాయ్, నిజమేనా అని ఒక్కసారి అడిగావా? ముప్పై ఆరేళ్ళలో నేను తేదీ తప్పు రాయలేదు. యాభై రెండో రోజున ఫైలు కుట్టి, స్టాంపులు అతికించి, ఆయన బల్ల మీద పెట్టాను."

"యాభై రెండో రోజునా?" ఆమె నిటారుగా నిలబడింది. "ఇంకా ఎనిమిది రోజులుంది. మరి అరవై మూడు ఎలా అయింది? మర్చిపోయారా ఆయన?"

"మర్చిపోవడమా!" గుమాస్తా నవ్వబోయాడు, రాలేదు. "ఆ పూట ఎదురు కుర్చీలో ఫ్యాక్టరీ మేనేజరు కూర్చుని ఉన్నాడు. వాళ్ళ ఫ్యాక్టరీ కేసులన్నీ ఇకనుంచి మన ఆఫీసుకేనట. కాఫీ తెప్పించారు. ఆయన ఫైలు నా చేతికి తిరిగిచ్చి, 'దీన్ని కొన్నాళ్ళు ఉంచు' అన్నాడు. అంతే. ఇంకో మాట లేదు."

లాయరమ్మ దీన్ని పొరబాటు అనుకుని నాలుగేళ్ళు మోసింది. పొరబాటు కాదు, అమ్మకం. పళ్ళు బిగించి గుమాస్తా చెయ్యి పట్టుకుంది. "బాబాయ్, ఇది కౌన్సిల్ ముందు చెప్పాలి. మీరొక్కరే సాక్షి. చెబుతారు కదూ?"

గుమాస్తా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆయన కోపమంతా చల్లారిపోయి, మొహం బూడిదరంగుకు తిరిగింది.

"తప్పు చేశానమ్మా నేను. నువ్వు రాసిన తప్పు కాదు. వేరేది. ఉంచమన్నది ఆయన. బీరువాలో పెట్టి తాళం వేసింది నేను. పదకొండు రోజులు ఆ తాళంచెవి నా జేబులోనే ఉంది. రోజూ కోర్టు గేటు ముందు నుంచే నడిచి వెళ్ళాను."

కింద వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది.

"ఇది మేస్త్రికి తెలుసా?" అంది ఆమె, గుసగుసగా.

"ఇంకా తెలీదు. ఇవాళ చెబుతానని నేనే రమ్మన్నాను."

మెట్ల కింద వెలుతురుకు అడ్డంగా ఒక మనిషి నీడ పడింది. ఎడమచేత్తో మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, పైకి చూస్తూ, మొదటి మెట్టు ఎక్కాడు.